పాల పుస్తకం వెనక పేజీలు

మా ఇంట్లో పాల పద్దు రాసే పుస్తకం ఒకటి ఉండేది. ఎర్ర అట్ట, పొడుగు కాగితాలు, మధ్యలోంచి పురికొస కట్టి దానికో పెన్సిలు. ముందువైపు నుంచి అమ్మ పాలు, పేపరు, ఇస్త్రీ బట్టల లెక్క రాసేది. 2001 సంక్రాంతి వెళ్ళాక నాన్న అదే పుస్తకాన్ని తిరగేసి, వెనక అట్ట వైపు నుంచి ఇంకో పద్దు మొదలుపెట్టారు. స్కేలుతో నాలుగు గళ్ళు గీసి తేదీ, మొదలు, ఆఖరు, ఎవరు అని రాశారు. పైన పెద్ద అక్షరాలతో "ఇంటర్నెట్టు".

మా ఇల్లు గుంటూరు బ్రాడీపేటలో. అంతకు ముందు ఇంటర్నెట్ అంటే మాకు వీధి చివర నెట్ సెంటరే. గంటకి 30 రూపాయలు. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్తే ప్లైవుడ్ చెక్కలతో కట్టిన చిన్న చిన్న గదులు, ఎముకలు కొరికే ఏసీ. ఆ ఏసీ కంప్యూటర్ల కోసమే, మన కోసం కాదని అందరికీ తెలుసు. ఎంసెట్ ఫలితాల రోజు ఆ మెట్ల మీద నిలబడ్డ జనాన్ని చూస్తే రేషన్ షాపు గుర్తొచ్చేది. హాల్ టికెట్ నంబరు అరచేతిలో పెన్నుతో రాసుకొచ్చేవాళ్ళు కొందరు. గుంటూరు నిండా కోచింగ్ సెంటర్లే కదా, ఒక్కో సెంటర్ నుంచి పిల్లలు గుంపులుగా వచ్చేవాళ్ళు. ర్యాంకు చూసి ఒకడు అరిస్తే, ఆ అరుపుని బట్టే బయట ఉన్నవాళ్ళకి సంగతి తెలిసిపోయేది.

2000 ఆగస్టులో అక్క పెళ్ళయ్యి న్యూజెర్సీ వెళ్ళింది. బావగారు సాఫ్ట్‌వేర్. అప్పటికి మా వీధిలో నాలుగిళ్ళకి ఒకరు చొప్పున అమెరికా వెళ్ళినవాళ్ళున్నారు. ఉత్తరం వెళ్ళి జవాబు రావడానికి నెల. ఫోన్ చెయ్యాలంటే నిమిషానికి 40 రూపాయల పైమాటే. అమ్మ "బాగున్నావా, తింటున్నావా" అని రెండు ముక్కలు అడిగేసరికి నాన్న గడియారం చూపించేవారు. ఆ రెండు ముక్కల కోసం అమ్మ రోజంతా మనసులో మాటలు పేర్చుకునేది. ఫోన్ పెట్టేశాక అసలు అడగాల్సింది గుర్తొచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయేది. అది చూసే నాన్న పీఎఫ్ లోన్ పెట్టి కంప్యూటర్ కొన్నారు. అసెంబుల్డ్, 35 వేల పైచిలుకు. లోపల ఫోన్ తీగ మీద ఇంటర్నెట్‌కి కలిపే 56 కేబీపీఎస్ మోడెమ్, అంటే సెకనుకి 56 వేల బిట్లు మోసేది. మా డిగ్రీ చదువుకని బంధువులకి చెప్పారు గానీ, అది అక్క కోసం కొన్న కంప్యూటర్.

మనదేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ అనే ప్రభుత్వ సంస్థ ద్వారా. అప్పట్లో తెర మీద బొమ్మలు కూడా కనిపించే కనెక్షన్ కావాలంటే 250 గంటలకి 15,000 రూపాయలు. విద్యార్థులకి 500 రూపాయల ఖాతా ఉండేది, అందులో అక్షరాలు తప్ప ఇంకేమీ రావు. 1998 నవంబరులో ప్రైవేటు కంపెనీలకి తలుపులు తెరిచాక ధరలు దిగడం మొదలైంది. మా దాకా వచ్చేసరికి గంటల ప్యాకులు అట్టపెట్టెల్లో దుకాణాల్లో దొరికేవి. మేం కొన్నది గంటకి సుమారు 10 రూపాయలు పడింది. చవకే అనుకున్నాం.

మొదటి ఫోన్ బిల్లు వచ్చాక నాన్న ఆ ఎర్ర పుస్తకంలో ఒక లెక్క వేశారు. ఆ పేజీ నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. ఇంటర్నెట్‌కి కలవడమంటే ఫోన్‌లో లోకల్ కాల్ చేసినట్టే. లోకల్ కాల్‌కి 3 నిమిషాలకో పల్సు, అంటే బిల్లులో ఒక యూనిట్. గంటకి 20 పల్సులు. పల్సుకి రూపాయి 20 పైసలు. అంటే ఫోన్‌కే గంటకి 24 రూపాయలు. ప్యాకు గంటకి 10. మొత్తం 34. కింద గీత గీసి, దాని కింద "బజార్లో 30" అని రాశారు.

నేను కొన్నాళ్ళు ఆ పేజీనే తిరగేసి చూస్తుండేవాణ్ణి. 35 వేలు పెట్టి కంప్యూటర్ కొన్నాక ఇంట్లో ఇంటర్నెట్ నెట్ సెంటర్ కన్నా 4 రూపాయలు ఎక్కువ! లీటరు పాలు పన్నెండో పదమూడో ఉన్న రోజులవి. గంట కూర్చుంటే రెండున్నర లీటర్ల పాలు. పుస్తకం ఇటు తిప్పితే పాలు, అటు తిప్పితే ఇంటర్నెట్టు. అందుకే ఆ రెండు పద్దులూ ఒకే పుస్తకంలో ఉండటం నాకు ఎప్పుడూ వింతగా అనిపించలేదు.

ఇలా ఫోన్ నంబరు డయల్ చేసి ఇంటర్నెట్‌కి కలిసే పద్ధతినే డయలప్ అనేవాళ్ళం. డయలప్‌లో ఒకేసారి రెండు గడియారాలు నడిచేవి. ప్యాకులో గంటలు తరిగే గడియారం ఒకటి, ఫోన్ ఎక్స్ఛేంజిలో పల్సులు పెరిగే గడియారం ఒకటి. తెర మీద ఏమీ రాకపోయినా రెండూ తిరుగుతూనే ఉండేవి. పేజీ సగంలో ఆగిపోయి, దాని కోసం ఎదురుచూస్తూ కూర్చున్న ఐదు నిమిషాలకి కూడా డబ్బు కట్టాం. ఈ సంగతి తర్వాత పుట్టినవాళ్ళకి చెప్పినా అర్థం కాదు. ఇంటర్నెట్‌లో ఉన్న ప్రతి క్షణం తొందర ఉండేది. రైలు ప్లాట్‌ఫారం మీద రెండు నిమిషాలే ఆగుతుందని తెలిసి మంచినీళ్ళ కోసం దిగినవాడి తొందర.

అందుకని ఇంట్లో కొన్ని పద్ధతులు వాటంతటవే ఏర్పడ్డాయి. ఉత్తరం ముందుగానే నోట్‌ప్యాడ్‌లో రాసిపెట్టుకోవాలి. కనెక్ట్ అవ్వగానే అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ అనే మెయిల్ ప్రోగ్రాంలో పంపాలి, వచ్చినవి దించుకోవాలి, వెంటనే లైన్ కట్ చెయ్యాలి. చదువుకోవడం తర్వాత తీరిగ్గా. ఏదైనా పెద్ద వ్యాసం కనిపిస్తే సేవ్ చేసేసి, లైన్ తెంపి, అప్పుడు చదవాలి. ఎమ్సీయే ఎంట్రన్స్‌కి చదువుకున్నదంతా నేను అలా చదివిందే. ఇవాళ ఇది పెద్ద ఇబ్బందిలా కనిపించొచ్చు. కానీ లైన్ తెంపేశాక చదివేది నిదానంగా, పూర్తిగా చదివేవాణ్ణి. అదొక్కటి మాత్రం నాకు ఆ రోజుల నుంచి ఇంకా కావాలనిపిస్తుంది.

అమ్మ చెప్పేది, నేను టైపు చేసేవాణ్ణి. అప్పటికి మా కంప్యూటర్‌లో తెలుగు రాయడం మాకు తెలియదు. ఏదైనా తెలుగు పేపరు నెట్‌లో చదవాలంటే వాళ్ళ ఫాంటు విడిగా దించుకోవాల్సిందే. అమ్మ "మీ నాన్నకి మోకాలు నొప్పి తగ్గింది, దొడ్లో సన్నజాజి విరగబూసింది" అంటే నేను దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టి పంపేవాణ్ణి. పూర్తయ్యాక అమ్మ తెర మీదికి వంగి చూసేది. ఆమెకి ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చుగానీ, ఆ వరసలో తెలుగుని పట్టుకోలేకపోయేది. "నేను చెప్పింది చెప్పినట్టే రాశావా?" అని ప్రతిసారీ అడిగేది. రాశానమ్మా అనేవాణ్ణి. నిజంగానే రాసేవాణ్ణి. కానీ ఆమెకి తన ఉత్తరం తాను చదువుకునే వీలు లేకపోయింది. ఆ అయిదేళ్ళలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఖర్చు కాదు, అదే.

ఇక కనెక్ట్ అవ్వడం. ముందు డయల్ టోను, తర్వాత టకటకా అంకెలు, అవతలి నుంచి సన్నటి ఈల, ఆ మీదట రెండు వైపుల నుంచీ గరగరలూ బుసలూ. నిజానికి అది రెండు మోడెమ్‌లు మాట్లాడుకోవడం. ఈ తీగ ఎంత శుభ్రంగా ఉంది, ఎంత వేగం మోయగలదు అని పరీక్షించుకుని ఒక అంకె దగ్గర ఒప్పందానికి వచ్చేవి. మోడెమ్ పెట్టె మీద 56 అని ఉన్నా, మా తెర మీద 56 నేనెప్పుడూ చూడలేదు. మంచి రోజున 44,000. వాన పడి ఎక్కడో జాయింట్‌లోకి నీళ్ళు దిగిన రోజున 28,800, ఇంకా తక్కువ. చప్పుడు వింటుంటేనే ఎంతలో కుదురుతుందో తెలిసిపోయేది. గరగర పొట్టిగా తెగితే మంచి వేగం. సాగుతూ, మళ్ళీ మొదలవుతూ ఉంటే ఆ పూట కష్టమే. ఉరిమితే అన్నీ ఆపేసి టీవీ యాంటెన్నా తీగతో పాటు ఫోన్ తీగ కూడా పీకేసేవాళ్ళం. రెండు వీధుల అవతల ఒకరింట్లో పిడుగుకి మోడెమ్ కాలిపోయిందని తెలిశాక మబ్బు కనిపిస్తే చాలు, అమ్మ "తీగ తియ్యరా" అనేది.

2002 మార్చిలో అక్కకి కొడుకు పుట్టాడు. ఫోన్‌లో కబురు తెలిసింది. రెండో రోజు బావగారు ఫొటో పంపుతున్నామన్నారు. రాత్రి తొమ్మిదింటికి కనెక్ట్ చేశాను. ఫొటో దాదాపు 700 కేబీ. సెకనుకి 4 కేబీ లెక్కన మూడు నిమిషాలు. సరిగ్గా ఒక పల్సు.

అమ్మ నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. ఫొటో పైనుంచి కిందికి, చారలు చారలుగా దిగుతోంది. ముందు ఆసుపత్రి దుప్పటి అంచు. తర్వాత నల్లటి జుట్టు. "ఎంత జుట్టో చూడు, మా నాన్న పోలిక" అంది. తర్వాత నుదురు. తర్వాత మూసుకున్న కళ్ళు. అక్కడికి వచ్చేసరికి అమ్మ మాట్లాడటం ఆపేసింది. చెయ్యి తెర దాకా తీసుకెళ్ళి, తాకకుండా వెనక్కి తీసుకుంది. ముక్కు సగం వచ్చింది.

లైన్ కట్టయిపోయింది.

ముందు గదిలో నాన్న ఫోన్ ఎత్తారు. మనవడి ఫొటో వస్తోందని పెదనాన్నకి చెబుదామని సంతోషం పట్టలేక ఎత్తారు. రిసీవర్‌లో గరగర వినగానే తప్పు తెలిసి వెంటనే పెట్టేశారు గానీ అప్పటికే ఆలస్యమైంది. గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ నాన్న మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. అమ్మే ముందు తేరుకుంది. "పోన్లెండి. కళ్ళు చూశాగా" అంది.

మళ్ళీ డయల్ చేశాను. ఎంగేజ్. మళ్ళీ చేశాను, రెండు పల్సులు పోయాయి, మెయిల్ పేజీ తెరుచుకోలేదు. నాలుగోసారికి మొత్తం ఫొటో వచ్చింది. పదకొండు దాటింది. అమ్మ లేవలేదు. మర్నాడు తెలిసింది, ఆ రెండు గంటల్లో అక్క ఆసుపత్రి నుంచి కాలింగ్ కార్డుతో నాలుగుసార్లు ప్రయత్నించిందట, ఫొటో చూశారా అని అడుగుదామని. నాలుగుసార్లూ ఎంగేజే. ఆమె కబురు కోసం మేం ఆ తీగ పట్టుకుని కూర్చుంటే, అదే తీగ మీద ఆమె మాకు అందలేదు.

ఆ తర్వాత ఆదివారం పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిదింటి దాకా కంప్యూటర్ ముట్టుకోకూడదని నాన్న పుస్తకంలోనే రాసిపెట్టారు. అది అక్క ఫోన్ చేసే వేళ.

డయలప్ ఖర్చు గురించి మాట్లాడేటప్పుడు చాలామంది రూపాయల దగ్గర ఆగిపోతారు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ మూగబోవడం దాని అసలు ఖర్చు అంటాను నేను. ఆ ఫోన్ కోసం నాన్న దరఖాస్తు పెట్టి ఏళ్ళు ఎదురుచూశారు. పక్కింటివాళ్ళకి కూడా మా నంబరే. పీపీ నంబరు అని శుభలేఖల మీద, అప్లికేషన్ల మీద రాసుకునేవాళ్ళు. నేను గంట కూర్చుంటే మూడు కుటుంబాలకి కబురు అందేది కాదు. ఎవరూ పైకి అనలేదు. కానీ పిన్నిగారు గుమ్మం దగ్గరికి వచ్చి "ఫోన్ ఖాళీగా ఉందా నాయనా?" అని మెల్లగా అడిగినప్పుడల్లా మనసు చివుక్కుమనేది.

2004లో ప్రభుత్వం బ్రాడ్‌బ్యాండ్ విధానం తెచ్చింది. 256 కేబీపీఎస్, ఆ పైన ఉంటేనే బ్రాడ్‌బ్యాండ్ అనాలని అందులో నిర్ణయించారు. 2005 జనవరిలో బీఎస్‌ఎన్‌ఎల్ డేటావన్ మొదలైంది. మా ఇంటికి 2006 మొదట్లో వచ్చింది.

కొత్త తీగ ఏదో వేస్తారని ఎదురుచూశాం. వచ్చినాయన గోడ మీద పాత ఫోన్ పెట్టె విప్పి, అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దగా ఉన్న స్ప్లిటర్ ఒకటి తగిలించి, ఒక కొస ఫోన్‌కి, ఇంకో కొస కొత్త మోడెమ్‌కి ఇచ్చారు. అంతే! అదే రాగి తీగ. మా గొంతులు ఆ తీగలో 4 కిలోహెర్ట్జ్ లోపలే ప్రయాణిస్తాయని, పైనంతా ఖాళీగా ఉంటుందని, ఏడీఎస్ఎల్ అనే ఈ బ్రాడ్‌బ్యాండ్ పద్ధతి ఆ ఖాళీ జాగాలో డేటా నడుపుతుందని నేను అప్పటికి ఎమ్సీయేలో చదివాను. చదవడం వేరు, ఇంట్లో చూడటం వేరు. డయలప్ మోడెమ్ మనుషుల గొంతుకి కేటాయించిన ఇరుకు సందులోంచే డేటాని కూడా ఈల వేయించి పంపింది. అందుకే ఒకళ్ళు వెళ్తే ఇంకొకళ్ళు ఆగాలి. ఇన్నేళ్ళూ పక్కనే అంత వెడల్పు దారి ఉందన్నమాట, మా గోడలోనే.

లైట్లు వెలిగాక ఆయన "ఫోన్ ఎత్తి చూడండి సార్" అన్నారు. నాన్న రిసీవర్ ఎత్తారు. డయల్ టోను వినిపించింది. తెర వైపు చూశారు. పేజీ తెరుచుకుంటోంది. రిసీవర్ పెట్టేశారు. మళ్ళీ ఎత్తారు. టోను ఉంది, తెర మీద పేజీ ఉంది. మూడోసారి ఎత్తి, పెదనాన్న నంబరు తిప్పి, "ఏం లేదన్నయ్యా, ఊరికే చేశాను" అన్నారు. మాట్లాడుతున్నంతసేపూ ఆయన చూపు తెర మీదే ఉంది.

మా ప్లాను నెలకి 500 రూపాయలు. పాత పుస్తకం ధరల ప్రకారం 500 అంటే డయలప్‌లో 15 గంటలు కూడా రాదు. రోజుకి అరగంట. ఇప్పుడు 24 గంటలూ. డయల్ చెయ్యక్కర్లేదు, చప్పుడు లేదు, ఎంగేజ్ లేదు. సెకనుకి 4 కేబీ బదులు 30 కేబీ. 20 ఎంబీ సాఫ్ట్‌వేర్ ఒకటి డయలప్‌లో దించుకోవాలంటే దాదాపు గంటా ఇరవై అయిదు నిమిషాలు, అంటే 48 రూపాయలు. మధ్యలో తెగకుండా ఉంటేనే ఆ లెక్క. అది పదకొండు నిమిషాల్లో వచ్చింది. పాత లెక్కలు వచ్చినవాడికే ఆ పదకొండు నిమిషాల విలువ తెలుస్తుంది.

అయితే లెక్కలు పూర్తిగా పోలేదు. నిమిషాల బదులు ఎంబీలు వచ్చాయి. నెలకి ఇన్ని ఎంబీలు దాటితే ఒక్కో ఎంబీకి విడిగా కట్టాలి. రాత్రి రెండింటి నుంచి పొద్దున ఎనిమిదింటి దాకా మాత్రం ఎంత వాడినా లెక్కలోకి రాదు. మా ఈడువాళ్ళు ఎంతమంది ఆ రాత్రి రెండింటి వేళకి అలారం పెట్టుకుని లేచారో! వీధిలో కుక్కలు తప్ప అంతా నిద్రపోతుంటే, నాలుగిళ్ళ కిటికీల్లో మాత్రం మానిటర్ వెలుగు కనిపించేది. ఎవరింట్లో ఏం డౌన్‌లోడ్ అవుతోందో పొద్దున కాలేజీలో తెలిసేది. 2007 జనవరిలో వేగం ఒక్కసారిగా 2 ఎంబీపీఎస్ దాకా పెంచారు. పండగ చేసుకున్నాం. తర్వాత లెక్క వేస్తే, ఆ వేగంతో ఒక జీబీ అయిపోవడానికి గంటా పది నిమిషాలు చాలు. వేగం పెరిగినకొద్దీ కాపలా కూడా పెరగాల్సి వచ్చింది.

ఆ కాపలాలోనే నేనొక తప్పు చేశాను. మా హాల్లో గోడ గడియారం ఎప్పుడూ పది నిమిషాలు ముందుండేది. ఆఫీసుకీ, రైలుకీ ఆలస్యం కాకూడదని నాన్న నా చిన్నప్పటి నుంచీ దాన్ని అలాగే ఉంచారు. కంప్యూటర్ టైము నేను ఆ గడియారం చూసే పెట్టాను. డౌన్‌లోడ్ మేనేజర్‌లో సరిగ్గా రెండింటికి మొదలయ్యేట్టు పెట్టి పడుకునేవాణ్ణి. నిజానికి అది ఒంటిగంటా యాభైకి మొదలయ్యేది. రోజూ పది నిమిషాలు లెక్కలో పడ్డాయి. పాత వేగంతో అయితే పది నిమిషాలకి పదిహేనో ఇరవయ్యో ఎంబీలు, ఎవరికీ తెలిసేది కాదు. కొత్త వేగంతో 150. నెల తిరిగేసరికి 500 రావాల్సిన బిల్లు రెండు వేలు దాటింది.

కారణం కనుక్కోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. భయపడుతూ నాన్నకి చెప్పాను. ఆయన బిల్లు మడిచి జేబులో పెట్టుకున్నారు. స్టూలు తెచ్చి వేసుకుని, ఎక్కి, గడియారం దించి, నా చేతి వాచీ అడిగి తీసుకుని, పది నిమిషాలు వెనక్కి తిప్పారు. నాకు ఇరవై అయిదేళ్ళ వయసులో మా ఇంట్లో గోడ గడియారం మొదటిసారి సరైన టైము చూపించింది. ఒక్క మాట అనలేదు నన్ను. ఆ నెల ఆయన పొద్దున రైలు ఒకసారి తప్పిపోయింది. దాని గురించీ ఏమీ అనలేదు.

అదే రోజుల్లో ఇంకొకటి జరిగింది. 2006లో వీవెన్ అనే ఆయన తయారుచేసిన లేఖిని వచ్చింది. ఇంగ్లీషు కీబోర్డు మీద కొడుతుంటే తెలుగు అక్షరాలు పడతాయి, బ్రౌజర్‌లోనే. గంటల లెక్కన కొనుక్కునే ఇంటర్నెట్‌లో అయితే దాని ముందు కూర్చుని ఉత్తరం రాయడమనేది కలలోని మాట. ఇప్పుడు కనెక్షన్ ఎప్పుడూ ఉంది. ఒక సాయంత్రం అమ్మని కూర్చోబెట్టి, ఆమె చెప్తుంటే తెలుగులో కొట్టాను. సన్నజాజి అని తెర మీద పడగానే "ఉండు, ఉండు" అంది. కళ్ళజోడు తెచ్చుకుంది. మొదటి నుంచి చదివింది, పైకి, వేలు పెట్టి, బడిపిల్లలా. ఒకచోట ఆపి "నేను తగ్గింది అన్నాను, నువ్వు తగ్గిందట అని రాశావు" అంది. దిద్దాను. అయిదేళ్ళలో అమ్మ మొదటిసారి నా తప్పు పట్టుకుంది. ఆ సంతోషం ఎలా చెప్పాలో నాకు తెలియదు. బ్రాడ్‌బ్యాండ్ వల్ల మా ఇంటికి ఏం ఒరిగింది అని ఎవరన్నా అడిగితే నేను ముందు ఆ సాయంత్రం గురించే చెప్తాను, వేగం గురించి కాదు.

తర్వాత హెడ్‌ఫోన్, దాని వెనకే వెబ్‌క్యామ్. మనదేశంలో ఇంటర్నెట్ ఫోన్‌కి అనుమతి వచ్చింది 2002 ఏప్రిల్ 1న. కానీ డయలప్‌లో మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చేవి, ఒక మాట అన్నాక అవతలి నుంచి జవాబు వచ్చేలోపు ఇంకో మాట అనేసేవాళ్ళం. 2007లో అయిదేళ్ళ మనవడు అక్కడ కుర్చీ ఎక్కి తాతయ్యా అని పిలిస్తే నాన్న మైకు నోటికి దగ్గరగా పెట్టుకుని గట్టిగా జవాబిచ్చేవారు. మూడు నిమిషాలు కాగానే చూపు గడియారం వైపు వెళ్ళేది. "ఇంక ఉంటానమ్మా, బిల్లు..." అనేవారు. "నాన్నా, దీనికి డబ్బు లేదు" అనేది అక్క. "ఆ, అవును కదూ" అని మళ్ళీ సర్దుకుని కూర్చునేవారు. ఇంకో మూడు నిమిషాలకి మళ్ళీ చూసేవారు.

పుస్తకం వెనక పేజీల్లో బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక కూడా నాన్న రెండు నెలలు రాశారు. మొదలు గడిలో టైము ఉంది. ఆఖరు గడిలో ఏం రాయాలో తెలియక గీత పెట్టారు. అలా గీతలు పెట్టుకుంటూ వెళ్ళి, ఒక రోజు నుంచి రాయడం మానేశారు. మిగిలిన కాగితాల్లో అమ్మ గోంగూర పచ్చడి కొలతలు, మనవడి పొడవు రాసుకుంది. అక్క తెర ముందు వాణ్ణి నిలబెట్టి టేపుతో కొలిచి చెప్పేది, అమ్మ ఇక్కడ రాసుకునేది.

ఇప్పుడు బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవాలంటే 256 కేబీపీఎస్ సరిపోదు. 2013లో అది 512 అయింది, 2023లో 2 ఎంబీపీఎస్ చేశారు. హైదరాబాద్‌లో మా ఫ్లాటుకి ఫైబర్ వచ్చి చాలా ఏళ్ళయింది. గుంటూరు ఇంట్లో ల్యాండ్‌లైన్ తీయించేశాం. తీగ గోడలోనే ఉంది.

అమ్మానాన్నలు ఏడాదిలో సగం మా దగ్గరే ఉంటున్నారు. రాత్రి భోజనాలయ్యాక అక్కతో, మనవడితో వీడియో కాల్. వాడిప్పుడు కాలేజీలో ఉన్నాడు. జుట్టు ఇంకా మా తాతగారి పోలికే అంటుంది అమ్మ. గంట, గంటన్నర మాట్లాడుకుంటారు. నాన్న గడియారం వైపు చూడటం మానేశారు. కాల్ అయ్యాక ఫోన్ నా చేతికిచ్చి, లేచి, టీవీ పక్కన గోడ దగ్గరికి వెళ్ళి రౌటర్ స్విచ్ కట్టేస్తారు.

నాకు ఆ వేళకి ఆఫీసు పని ఉంటుంది చాలాసార్లు. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుంటాను. పొద్దున అయిదున్నరకి నాన్న లేచి, తలుపు తీసి, సంచిలోంచి పాల ప్యాకెట్లు లోపలికి తెచ్చి లెక్కపెట్టుకుని, ఆ తర్వాత వెళ్ళి స్విచ్ వేస్తారు.